పూండి కట్ట మీద నుండి చూచిన చెన్నపురి మేయర్లు

మహానగరమునకు మేయర్లుగా పనిచేసిన వారి గుణదోషములను విచారింపబూనినపుడు మనవారు సాధారణముగా ఆ నగరపు వీథులలోనే నిలిచి తీర్పు చెప్పుదురు. బాటలు బాగుపడినవా, మురుగుకాలువలు పారినవా, చెత్త తొలగినదా, కార్తికమాసపు వానలలో ఇంటిలోనికి నీరు చొచ్చినదా యని అడిగి, వచ్చిన సమాధానములను బట్టి ఒకరిని సమర్థులనియు మరియొకరిని అసమర్థులనియు నిర్ణయింతురు. ఈ ప్రశ్నలు న్యాయమైనవే గాని చాలినవి కావు. ఏ మహానగరమును తన పొలిమేరకు లోబడిన వస్తువులతోనే జీవింపజాలదు. త్రాగు నీరు, తిను తిండి, ఇల్లు కట్టుకొను ఇసుక, పనిచేయు చేతులు, ఇవి యన్నియు వెలుపలి నుండియే రావలయును. వాని నిచ్చిన పల్లెలకు మేయరు నెన్నుకొను వోటు లేదు. నగరసభలో లేచి అడుగుటకు సభ్యుడును లేడు. కావున చెన్నపట్నపు మేయర్ల చరిత్రను ఆ నగరమునకు పడమర సుమారు 45 కిలోమీటర్ల దూరముననున్న తిరువళ్ళూరు నుండియు, అక్కడి నుండి ఇంచుమించు మరి యంత దూరమున కొండపై సుబ్రహ్మణ్యస్వామి వెలసిన తిరుత్తణి నుండియు ఒకమారు పరికింపవలెనని నా సంకల్పము.

ఈ సీమ స్వరూపమును కొంత తెలిపినగాని విచారణ సాగదు. నగరి కొండల నీరు నగరి నదిగాను, తిరుత్తణి ప్రక్కన పారు నీరు నందియేరుగాను ప్రవహించి, మనవారు కుశస్థలి యనియు తమిళులు కొసస్థలై యారనియు పిలుచు నదిలో కలియును. ఆ నది ఎన్నూరు వద్ద సముద్రమును చేరును. చెన్నపట్నము నడుమ మలినమై కదలక నిలిచిన కూవము సైతము కేశవరము ఆనకట్ట కడ ఈ నది నుండి వేరుపడిన పాయయే. తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లాలో చేరియుండెడిది. రాష్ట్రముల సరిహద్దులపై పటాస్కర్ ఇచ్చిన తీర్పు ననుసరించి 1960 ఏప్రిల్ 1వ తేదీన అది మదరాసు రాష్ట్రమునకు పోయినది, అటునుండి సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశమునకు వచ్చినది. నేటికిని తిరుత్తణి, పళ్ళిపట్టు, ఊత్తుకోట చుట్టుపట్ల గ్రామములలో ఇంటిలో తెలుగు, కచేరిలో తమిళము మాట్లాడు కుటుంబములు వేలకొలదిగా కలవు. సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1888లో జన్మించినది ఈ తిరుత్తణియందే. రాష్ట్రముల సరిహద్దుగీత మారినది గాని నీటివాలు మారలేదు: చిత్తూరు కొండలపై కురిసిన వాన ఈ కయ్యల మీదుగా పట్నము దిక్కునకే పోవుచున్నది.

ఇక మేయరు పదవిని గూర్చి. తూర్పు ఇండియా వర్తకసంఘము వారు 1687 డిసెంబరు 30వ తేదీ నాటి అధికారపత్రముతో స్థాపించిన చెన్నపట్నపు నగరసభ 1688 సెప్టెంబరు 29న ప్రారంభమైనది. నథానియల్ హిగిన్సన్ తొలి మేయరు. ఆనాటి ఆల్డర్మన్లలో ఆంగ్లేయులతో పాటు చిన్న వేంకటాద్రి, ముద్దు వీరన్న వంటి తెలుగు వర్తకులును కూర్చుండిరి. నగరసభ పుట్టిననాడే దాని పాలనలో మనవారి హస్తము కలదని సంతోషింపవచ్చును గాని, ఆ సభ కోట చుట్టు నివసించు వర్తకుల సౌకర్యమునకును పన్నులు రాబట్టుటకును ఏర్పడినదే యనుట మరువరాదు. తరువాతి కాలమున మేయరు పేరు పోయి అధ్యక్షుడను పేరు వచ్చినది. 1919 నాటి నగరసభా శాసనము కార్యనిర్వహణాధికారమును కమీషనరు చేతిలో నిలిపినది. 1933లో అధ్యక్షుడు మరల మేయరైనాడు, రాజా ముత్తయ్య చెట్టియారు ఆ పదవి నలంకరించెను. అప్పటి నుండి మేయరు ఏటేట సభ్యులచే ఎన్నుకొనబడుచు వచ్చెను. ఒక సంవత్సరము కూర్చుండి, కమీషనరు సంతకము లేనిదే చిల్లిగవ్వ ఖర్చుచేయనేరని మనిషిని ఎంత గొప్పగా పొగడవలెను, ఎంత ఘాటుగా నిందింపవలెను? అధికార మెంతయో తెలియక గుణదోషముల నెంచుట న్యాయము కాదు. తనకు లేని అధికారమును మాటబలముతోను పట్టుదలతోను సంపాదించి లోకహితమునకు వినియోగించిన వారిని మాత్రము అధికముగా గౌరవింపవలసి యుండును.

అట్టివారిలో మొదటివాడు తెలుగువాడు. పిట్టి త్యాగరాయ శ్రేష్ఠి దేవాంగకులజుడు, నేతమగ్గముల వ్యాపారి, నగరసభకు ఎన్నికచే వచ్చిన తొలి అధ్యక్షుడు. 1920 సెప్టెంబరులో థౌజండ్ లైట్స్ పేటలోని నగరసభ పాఠశాలలో పేదపిల్లలకు మధ్యాహ్నభోజనము పెట్టవలెనని సభ తీర్మానించినది. పిల్లవానికి దినమునకు ఒక అణా మించరాదని నియమము. ఆకలితో వచ్చిన బిడ్డకు అక్షరము వంటబట్టదని గ్రహించిన పాలకుడు ఈ దేశమున ఆనాటికి అరుదు. ప్రాథమిక విద్యానిధి సొమ్ముతో భోజనము పెట్టరాదని ప్రభుత్వ మభ్యంతరము చెప్పగా 1925లో అది నిలిచిపోయినది. పిమ్మట మూడు దశాబ్దములకు కామరాజ నాడారు రాష్ట్రమంతటను ఆ కార్యమునే విస్తరింపజేసెను. ఆగిపోయినంతమాత్రమున ఆ పని విఫలమైనదని నేననను. త్యాగరాయని యందు దోషము లేదా యనిన కలదు. 1921లో బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల సమ్మె సందర్భమున పులియంతోపులో అల్లరులు రేగి ఆదిద్రావిడుల గుడిసెలు దగ్ధమైనపుడు, ఆయన నాయకత్వము వహించిన జస్టిస్ పక్షము బాధితుల పక్షమున నిలువక, ప్రభుత్వము వారిని గారాబము చేయుచున్నదని నిందించినది. ఆదిద్రావిడ నాయకుడు ఎం.సి. రాజా 1923లో ఆ పక్షమును వీడుటకు ఇట్టి వైముఖ్యమే కారణము. పిల్లవాని ఆకలి చూచిన కన్ను ఆ గుడిసెలను చూడకపోవుట నా మనస్సునకు నేటికిని బాధ కలిగించును.

ఇప్పుడు మన సీమకు నేరుగా సంబంధించిన మేయరు వద్దకు వత్తము. పుదుక్కోట సంస్థానములోని తిరుమయమున 1887లో జన్మించిన ఎస్. సత్యమూర్తి 1939లో మదరాసు మేయరుగా ఎన్నికయ్యెను. శాసనసభలలో ఆయన వాగ్ధాటికి ఆంగ్ల ప్రభుత్వపు సభ్యులు సైతము జంకెడివారు. ఆయన మేయరు పీఠ మెక్కు నాటికి నగరము దాహముతో నున్నది. 1872లో తామరపాక్కము వద్ద కుశస్థలికి ఆనకట్ట కట్టి ఆ నీటిని చోళవరము చెరువునకును, అటనుండి ఎర్రకొండల చెరువునకును మరలించిన నాటి నుండియు పట్నపు దాహమునకు తిరువళ్ళూరు సీమయే ఆధారము. 1914లో కీల్పాకమున నీటిశుద్ధి కర్మాగారము వచ్చినది గాని, వచ్చు నీరే చాలనపుడు శుద్ధి యేమి చేయగలదు? 1931 జనాభా లెక్కలలో సుమారు 6,47,000 గా నున్న నగరజనము 1941 నాటికి 7,77,000 దాటినది. ఒక్క ఋతుపవనము తప్పినచో కుళాయిల వద్ద కొట్లాటలే.

ఈ సీమలోని పూండి వద్ద కుశస్థలికి అడ్డుకట్ట వేసి జలాశయము నిర్మింపవచ్చునను ఆలోచన సత్యమూర్తి మెదడులోనే మొట్టమొదట పుట్టినదని చెప్పినచో ఇంజనీర్లకు అన్యాయము చేసినవార మగుదుము. స్థలము చూచి, మట్టి పరీక్షించి, లెక్కలు కట్టినవారు వారు. మేయరు చేసిన పని వేరు: కాగితముల మీద నిలిచిన పనిని ఇక ఆలస్యము సహింపని పనిగా మార్చుట. అది యెంత కఠిన సమయమో గమనింపుడు. 1939 సెప్టెంబరున యూరపులో యుద్ధ మారంభమైనది. అక్టోబరున రాజగోపాలాచారి మంత్రివర్గము రాజీనామా నిచ్చినది. మంత్రులు లేరు, గవర్నరే సర్వాధికారి. ఉక్కు, సిమెంటు, ధనము, సమస్తమును యుద్ధమునకు తరలుచున్న వేళ కాంగ్రెసు మేయరు ఆ గవర్నరు వద్దకే పోయి నగరమునకు నీరు కావలెనని వాదించి, ఒప్పించి, 1940 ఆగస్టు 8వ తేదీన ఆ గవర్నరు సర్ ఆర్థర్ హోప్ చేతనే పూండిలో శంకుస్థాపన చేయించెను. పరప్రభుత్వముతో ఇట్టి సంబంధము పెట్టుకొనుట తగునా యని నాటి దేశభక్తులు కొందరు సందేహించియుందురు. నా యభిప్రాయమున అది ఆయన గుణములలోకెల్ల మిన్న. ఎవరితో పోరాడవలెనో, ఎవరితో ఏ పనికై కలసి కూర్చుండవలెనో తెలిసిన వాడాయన; ఆ పిమ్మట వ్యక్తి సత్యాగ్రహమున కారాగారమునకు పోయి, 1942లో మరల బంధింపబడి నేటి మహారాష్ట్రలోని అమరావతి చెరసాలకు పంపబడి, జబ్బుపడి, 1943 మార్చి 28న మదరాసు ఆసుపత్రిలో మరణించెను. సుమారు 65 లక్షల రూపాయల వ్యయముతో జలాశయము పూర్తియైనది 1944లో. ఆ నీటిని ఆయన చూడలేదు. శిష్యుడైన కామరాజు దానికి సత్యమూర్తి సాగరమని నామకరణము చేసెను. పెంచిన కట్టతో నేడది 3.23 టీఎంసీల నీటిని పట్టును.

ఈ కథ ఇంతటితో ముగిసినచో స్తుతివాక్యములతో సరిపుచ్చవచ్చును. కాని కట్ట మీద నిలిచి పట్నము వైపు చూచువానికి ఒక దృశ్యము, వెనుదిరిగి నీటి వైపు చూచువానికి వేరొక దృశ్యము. ఆ నీటి క్రింద తిరువెణ్బాక్కమను గ్రామము కలదు. అది శైవభక్తులకు పరమపవిత్ర స్థలము. కనులు కోల్పోయి నడచివచ్చిన సుందరమూర్తి నాయనారునకు శివుడు ఊతకర్ర నొసగినది అచ్చటనే యని ప్రసిద్ధి. జలాశయము కొరకు ఆ దేవాలయమును ఊడదీసి, ఇప్పటి పూండిలో మరల కట్టిరి. నాయనారు ప్రతిమ చేతిలో ఊతకర్రతో నేటికిని అచ్చట నిలిచియున్నది. దేవుని తరలించినవారు కయ్యలను తరలింపలేరు. పండు భూమి, చెరువుల ఆయకట్టు, తరతరములుగా త్రవ్వుకొన్న కపిల బావులు, ఇంటి ముంగిట వేపచెట్టు, ఇవి నీటిపాలైనవి. భూమి గలవానికి నష్టపరిహార మనునది ఒకటి యుండును. ఆ భూమిలో కూలిచేసి బ్రతికినవానికి ఏ పట్టాయు లేదు, ఏ పరిహారమును లేదు. నగరసభ చర్చలలో గాలన్ల లెక్క వచ్చును గాని ఇతని లెక్క రాదు. సత్యమూర్తి దయలేనివాడని నేననను. ఆయన చూపు నగరసభ కొలువైన రిప్పన్ భవనము నుండి పూండి వరకు సాగినది, పూండికి ఆవల సాగలేదు. ఇది దోషమే, ఆ కాలపు మేయర్లందరికిని సామాన్యమైన దోషము.

ఆయన గుణములను పొగడువారు మరియొక విషయమును విడుచుటయు కద్దు. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి దేవదాసీ సమర్పణమును మాన్పింపవలెనని పూనుకొన్నపుడు సత్యమూర్తి ఆమెను గట్టిగా ప్రతిఘటించెను. నాట్యసంగీతముల యెడ ఆయనకు గల అభిమానము నిజమైనదే. సంగీత అకాడమీ ఆయన వంటివారి కృషివలన నిలిచినదే. అయినను కళ నిలుచుటకు బాలికల జీవితములు వెలగా చెల్లింపవలెనను వాదము ఆనాడును న్యాయము కాలేదు, నేడును కాదు. ఇది మేయరు పనికి సంబంధించినది కాదని కొంద రనవచ్చును. కాని పూండి విషయమునను ఇదే తీరు కనుపించును: ఆయన తాను ప్రేమించిన దానిని కాపాడుటలో అసాధారణుడు, దాని వెల నెవరు చెల్లింతురో విచారించుటలో అంత జాగరూకుడు కాడు.

ఈ విషయమున చెన్నపట్న మొక్కటియే అపరాధి యనుకొనరాదు. అమెరికాలో లాస్ ఏంజెలిస్ నగరమునకు 1898 నుండి 1900 వరకు మేయరైన ఫ్రెడ్ ఈటన్, పదవి విడిచిన పిమ్మట, దూరముననున్న ఓవెన్స్ లోయలో నీటిహక్కులు గల భూములను కొని పెట్టుకొనెను. 1913లో కాలువ వచ్చి ఆ లోయ నీరు నగరమునకు పారినది, లోయ వ్యవసాయము క్షీణించినది. అట్టి స్వార్థపు మచ్చ సత్యమూర్తికి లేదు. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరసభ చేసిన పని మన కథకు మరింత సన్నిహితము. వెల్ష్ భాష మాట్లాడు కేపెల్ కెలిన్ గ్రామమును ముంచి జలాశయము కట్టుటకు ఆ సభ 1957లో పార్లమెంటు చేత శాసనము చేయించుకొనినది. వేల్స్ ప్రతినిధుల ఆమోదము లేకయే శాసన మైనది, 1965 నాటికి బడి, ప్రార్థనాలయము, తపాలా కచేరి, ఇండ్లు నీట మునిగినవి. నలుబదియేండ్లకు, 2005లో, ఆ లివర్‌పూల్ సభయే వేల్స్ ప్రజలను క్షమింపుమని కోరినది. క్షమాపణ వలన మునిగిన ఊరు తేలదు. అయినను అడిగిన సభ అడుగని సభకంటె ఉన్నతమైనది. రిప్పన్ భవనమున అట్టి తీర్మానము ఒకనాడు చదువబడినచో ఆ నగరము చిన్నబోదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటి ఘట్టములలో మనవారి హృదయమునకు గాయమైనది 1952. పొట్టి శ్రీరాములు చెన్నపట్నముననే నిరాహారదీక్ష పూని డిసెంబరు 15న అసువులు బాసెను. టి. చెంగల్వరాయన్ మేయరుగా నున్న ఆ కాలమున నగరసభ, రాజధానిని తమిళులకే ఉంచవలెనని పట్టుబట్టినది, మ.పొ. శివజ్ఞానము గారి ఉద్యమమును నగరసభయు ఒక కంఠముగా పలికినవి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము చెన్నపట్నము లేకయే అవతరించినది. తిరుత్తణి కొండ మెట్ల మీద కూర్చుండి దీనిని తలచుకొను తెలుగువాడు ఆ మేయరును దోషిగా నెంచునేమో, నేనట్లెంచను. తన నగరపు అధికసంఖ్యాకుల కోరికను పలుకుట మేయరు ధర్మము. ఐనను ఆ నగరమునకు నీరు, కూలి, వర్తకము సమకూర్చిన తెలుగు పేటల వారికి ఆ సభలో ఒక్క ఊరటమాటయైనను దక్కి యుండవలసినది.

పిదప కాలము వేగముగా నడచినది. 1959లో ద్రావిడ మున్నేట్ర కళగము నగరసభను గెలిచినది. 1957లో తారా చెరియన్ తొలి మహిళా మేయరైనది. 1973లో, లేని కూలీల పేర మస్టర్ రోలు వ్రాసి కూలిడబ్బు తీసిన అక్రమము బయటపడగా ప్రభుత్వము సభను రద్దుచేసినది. తప్పు చేసినవారిని శిక్షించుట ధర్మము. కాని దాని పేర 23 ఏండ్లపాటు నగరమునకు మేయరు లేకుండ చేయుట ప్రజలను శిక్షించుటయే. నగర చరిత్రలో అతి ముఖ్యమైన నీటి నిర్ణయములు కొన్ని ఈ శూన్యకాలముననే జరిగినవని తెలిసినపుడు దీని తీవ్రత బోధపడును. 1978లో మెట్రోవాటర్ బోర్డు ఏర్పడి మంచినీరు, మురుగునీరు రెండును నగరసభ చేతి నుండి తొలగినవి. 1976లో మహారాష్ట్ర, కర్నాటక, ఆంధ్ర ప్రభుత్వములు తలకు 5 టీఎంసీల కృష్ణాజలమును మదరాసునకు వదలుటకు సమ్మతించినవి. 1983 ఏప్రిల్ 18న నందమూరి తారకరామారావు, ఎం.జి. రామచంద్రన్ ముఖ్యమంత్రులుగా తెలుగుగంగ ఒప్పందమున సంతకములు చేసిరి. పోతిరెడ్డిపాడు నుండి వెలుగోడు, సోమశిల, కండలేరుల మీదుగా వచ్చు నీరు ఊత్తుకోట వద్ద తమిళనాడు పొలిమేరను దాటి పూండిని చేరునట్లు ఏర్పాటు. ఆవిరిగాను ఇంకుడుగాను పోయినది పోగా 12 టీఎంసీలు అందవలెను. ఇంతటి కార్యము నగరము కొరకు జరుగుచుండగా నగరమునకు మేయరే లేడు. రాయలసీమ రైతుకు కృతజ్ఞత తెలుపవలసిన నోరు మూతబడియుండెను.

1996 సెప్టెంబరు చివర కృష్ణాజలము పూండికి చేరినది. కొలది వారములకే, అక్టోబరులో, ప్రజలు నేరుగా ఎన్నుకొన్న తొలి మేయరుగా ఎం.కె. స్టాలిన్ పదవిని స్వీకరించెను. నేటి తరమువారు మేయరనగా మొదట తలచుకొనునది ఆయననే. రద్దీ కూడలులలో పైవంతెనలు లేచినవి, ఉద్యానములు వెలసినవి, చెత్త తీయు పని ప్రైవేటు సంస్థకు అప్పగింపబడినది. వంతెనల వలన ప్రయాణపు కాలము తగ్గినది, అది గుణము. ఒక మేయరు ప్రజల వోటుచే నేరుగా వచ్చినచో పనికి ఎంత వేగము కలుగునో ఆయన చూపెను, అది మరింత గొప్ప గుణము. కాని సింగారచెన్నై యను ఆయన సంకల్పములో కంటి కగుపడు దానికి దక్కిన ప్రాధాన్యము భూమి క్రింది దానికి దక్కలేదు. 2003లో ఇంటింట వాననీటి సేకరణను నిర్బంధము చేసినది నగరసభ కాదు, జయలలిత గారి రాష్ట్రప్రభుత్వము. ఒకే మనిషి శాసనసభ్యుడుగాను మేయరుగాను ఉండరాదని 2002లో చేసిన శాసనము వలన స్టాలిన్ మేయరు పదవిని విడిచెను. ఆ నియమము తనంతట మంచిదే యైనను, అది వచ్చిన కాలమును బట్టి దానిని రాజకీయవైరమునకు సాధనముగా ఎంచినవారి మాటను నేను తోసివేయలేను. అటుపిమ్మట మేయరును ప్రజలే ఎన్నుకొనుటయా సభ్యులెన్నుకొనుటయా యనునది ప్రభుత్వము మారినప్పుడెల్ల మారుచు వచ్చినది: 2006లో సభ్యులు, 2011లో ప్రజలు, 2022లో మరల సభ్యులు. పునాది ఇట్లు కదలుచుండగా ఎవ్వరు మేయరైనను దీర్ఘకాల ప్రణాళిక నెట్లు వేయగలరు?

ఈ నడుమ 2011లో నగరసభ విస్తీర్ణము 174 నుండి 426 చదరపు కిలోమీటర్లకు పెరిగినది. అంబత్తూరు, తిరువొత్తియూరు, మాధవరము, మణలి వంటి తిరువళ్ళూరు జిల్లా పట్టణములు అందు లీనమైనవి. ఆవడి 2019లో వేరొక నగరపాలక సంస్థయైనది. ఇండ్లు, కర్మాగారములు, దాహము, ఈ మూడును పడమటకు జరుగుచున్నవి, అనగా నీరు పుట్టుచోటికే దాహము నడచివచ్చుచున్నది.

దీని ఫలితమును కట్ట క్రింది గ్రామముల రైతులను అడిగిన తెలియును. వానలు తప్పిన సంవత్సరములలో జలాశయము లెండును. మెట్రోవాటర్ వారు తిరువళ్ళూరు జిల్లాలోని వ్యవసాయపు బోరుబావులను అద్దెకు తీసికొని నీరు తోడింతురు, లారీలు రాత్రింబవళ్ళు తిరుగును. బోరు గల రైతుకు వరిపంటకంటె నీటి అమ్మకమే లాభమగును, వానిని నేను తప్పుపట్టను. అతని ప్రక్క కయ్యవానికి లోతు బావి లేదు. వాని బావి ఎండును, వానికి ఏ అద్దెయు రాదు, వాని పొలమున కలుపుతీయు స్త్రీకి కూలియు పోవును. మీంజూరు వైపు దశాబ్దముల తరబడి తోడినందున ఉప్పునీరు భూగర్భమున మైళ్ళకొలది లోపలికి చొచ్చినది. 2019 వేసవిలో చెన్నపట్నపు జలాశయములు అడుగంటి, జూలైలో జోలారుపేట నుండి రైలుబండ్లలో నీరు తెప్పింపవలసి వచ్చినది. ఆ యేటను నగరమునకు మేయరు లేడు: 2016 నుండి 2022 వరకు ప్రత్యేకాధికారులే పాలించిరి. 2020 నవంబరులో గుమ్మిడిపూండి తాలూకాలో తేర్వాయ్ కండిగై వద్ద అర టీఎంసీ జలాశయము ప్రారంభమైనది. అదియు తిరువళ్ళూరు జిల్లాయే, అందు మునిగినవియు తిరువళ్ళూరు రైతుల భూములే. కార్తికమాసమున తుపాను వచ్చినచో పూండి తలుపు లెత్తుదురు; అపుడు కుశస్థలి గట్టు గ్రామములవారు మూటముల్లె కట్టుకొని బడులలో తలదాచుకొందురు. నీరు లేనపుడును, నీరు మిక్కుటమైనపుడును కష్టము వీరిదే.

2022 మార్చిలో ఆర్. ప్రియ మేయరైనది: దళిత స్త్రీలలో ఆ పీఠము నెక్కిన మొదటి వ్యక్తి, అప్పటికి 28 ఏండ్ల ప్రాయము. ఉత్తర చెన్నైలోని ఇరుకు వాడల నుండి వచ్చిన స్త్రీ రిప్పన్ భవనమున ఎర్రని అంగీ ధరించి కూర్చుండుట ఆ సభ చరిత్రలో చిన్న సంగతి కాదు. త్యాగరాయని పక్షము పులియంతోపున చేసిన పొరపాటునకు నూరేండ్ల పిమ్మట కాలము చెప్పిన సమాధానముగా దీనిని నేను భావింతును. ఆమె గుణదోషములను తూచుటకు సమయ మింకను రాలేదు. పైగా ఆమె చేతిలో పాఠశాలలు, వీథులు, వాననీటి కాలువలు, చెత్త ఉన్నవి గాని త్రాగునీరు లేదు. మెట్రోవాటర్ బోర్డు అధ్యక్షపీఠము రాష్ట్ర మునిసిపల్ వ్యవహారముల మంత్రిది. కుళాయి ఎండినపుడు జనులు నిందించునది మేయరును, నిర్ణయము చేయునది వేరొకరు.

సత్యమూర్తికి శాసనము పూర్తి అధికారము నీయకున్నను నీరు నగరసభ పనియై యుండెను, కావుననే ఆయన దానిని పట్టుకొనగలిగెను. నేటి మేయరుకు ఆ పట్టును తిరిగి ఈయవలెను. బోర్డులో మేయరుకు ముఖ్యస్థాన మిచ్చి, ఎదుటి కుర్చీలలో పూండి, ఎల్లాపురము, తిరువాలంగాడు, తిరుత్తణి పంచాయతీ యూనియనుల ప్రతినిధులను కూర్చుండబెట్టుటకు పెద్ద శాసన మక్కరలేదు, ఉన్న శాసనమునకు చిన్న సవరణ చాలును. ఆ సభ మొదటి సమావేశము మాఘమాసములో, వేసవికి బోరుబావుల అద్దె ఒప్పందములు వ్రాయక ముందే జరుగవలెను. అందు మొదటి విషయము, నీరమ్మిన బావి ప్రక్కన ఎండిపోయిన బావి గలవానికిని, ఆ కయ్యలో కూలి పోగొట్టుకొన్నవారికిని పట్నము తన నీటిపన్ను నుండి ఎంత ఈయవలెననునది కావలెను.